సగటుకు అందనివాళ్లు

క్రికెట్‌లో అందరికన్నా గొప్పవాళ్లెవరు? ప్రతి తరమూ ఈ వాదనను మళ్లీ మొదలుపెడుతుంది. రికార్డుల పుస్తకం కొంత తేలుస్తుంది. ఆ పుస్తకంలో పేరు ఎక్కే అవకాశమే దక్కనివాళ్ల మాటేమిటి?

2009 నవంబర్ 5 రాత్రి ఉప్పల్ స్టేడియంలో నా ముందు వరుసలో ఒక పెద్దాయన కూర్చున్నారు. తొడ మీద అట్ట, అట్ట మీద చేత్తో గళ్లు గీసుకున్న తెల్లకాగితం. బంతి బంతికీ పరుగులు రాసుకుంటున్నారు. ఆస్ట్రేలియా 350 కొట్టిన మ్యాచ్ అది. మనవాళ్ల వికెట్లు ఒకటొకటే రాలుతున్నా స్టాండ్‌లో ఎవరూ లేవలేదు. ఒక వైపు సచిన్ నిలబడి ఉన్నాడు మరి. 36 ఏళ్ల వయసులో, ఇరవై ఏళ్లుగా ఆడుతున్న ఒళ్లుతో, 141 బంతుల్లో 175 పరుగులు చేశాడు. 19 ఫోర్లు, 4 సిక్సర్లు. ఇంకో 19 పరుగులు వస్తే మ్యాచ్ మనదే. అప్పుడు మెకే వేసిన నెమ్మది బంతిని వికెట్ల వెనక్కి ఎత్తబోయాడు. షార్ట్ ఫైన్ లెగ్‌లో హారిట్జ్ పట్టేశాడు.

పెద్దాయన 175 చుట్టూ ఒక సున్నా చుట్టారు. పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత బంతులేవీ ఆయన రాయలేదు. రెండు బంతులు మిగిలి ఉండగానే మనం 347కి ఆలౌటై, మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం.

ఉప్పల్ చౌరస్తా దాకా జనంతో కలిసి నడిచాం, నేనూ మా అన్నయ్యా. పక్కన నడుస్తున్న కుర్రాడొకడు ఉక్రోషంగా అన్నాడు: "సెంచరీలు కొడతాడు గానీ గెలిపించడన్నా."

"మిగతా పదిమందీ, ఎక్స్‌ట్రాలూ కలిసి కొట్టింది 172. అడిగితే వాళ్లని అడుగు తమ్ముడూ," అన్నాడు అన్నయ్య.

ఇక చూడండి. చౌరస్తా చేరేసరికి ముక్కూ మొహం తెలియని ఏడెనిమిది మంది పోగయ్యారు. వాదన సచిన్ నుంచి లారాకు, లారా నుంచి రిచర్డ్స్‌కు పాకింది. బస్సు వచ్చేసరికి బ్రాడ్‌మన్ దాకా వెళ్లింది.

ఆ కుర్రాడి మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. 1999లో చెన్నైలో పాకిస్తాన్ మీద కూడా ఇదే జరిగింది. లక్ష్యం 271. వెన్నునొప్పితో ఒళ్లు మెలికలు తిరుగుతుంటే సచిన్ 136 కొట్టి, జట్టు స్కోరు 254 దగ్గర అవుటయ్యాడు. ఆ తర్వాత నాలుగు పరుగులకే ఇన్నింగ్స్ ముగిసింది, 12 పరుగుల తేడాతో ఓటమి. 2001లో విజ్డెన్ ప్రకటించిన 100 గొప్ప టెస్టు ఇన్నింగ్స్ జాబితాలో సచిన్‌ది ఒక్కటీ లేకపోవడంతో దేశమంతా భగ్గుమంది. అదే జాబితాలో మన లక్ష్మణ్ ఆడిన 281 మొదటి పదిలో ఉంది. గెలుపుకు ఆ జాబితా అంత బరువు ఇచ్చింది. నా మటుకు నాకు అది సమ్మతం కాదు. పదకొండు మంది ఆడే ఆటలో ఓటమిని ఒకడి ఖాతాలో రాయడం అన్యాయం.

మా ఇంటి వాదన

నేను పుట్టకముందే ఈ తగువు మా ఇంట్లో మొదలైంది. నాన్నకు గవాస్కర్ దేవుడు. 1971లో తొలి సిరీస్‌లోనే, వెస్టిండీస్ గడ్డ మీద, నాలుగు టెస్టుల్లో 774 పరుగులు. అదే వెస్టిండీస్ మీద మొత్తం 13 సెంచరీలు. బాబాయికి వివియన్ రిచర్డ్స్. హెల్మెట్ జోలికే పోని మనిషి, చూయింగ్ గమ్ నములుతూ నింపాదిగా క్రీజులోకి నడిచి వచ్చే మనిషి. "మీ గవాస్కర్‌కి బౌలర్లు మర్యాద ఇచ్చారన్నయ్యా. రిచర్డ్స్‌ని చూసి వణికారు," అనేవాడు బాబాయి. నాన్న పేపరు మడిచి కింద పెట్టేవాడు. అంటే యుద్ధం మొదలైనట్టే.

పెదనాన్న మాత్రం ఇద్దరినీ కొట్టిపారేసి జయసింహ పేరెత్తేవాడు. ఫతేమైదాన్‌లో ఎం.ఎల్.జయసింహ ఆడుతుంటే చూసిన తరం ఆయనది. ఎత్తిన కాలరు, మెడకు చుట్టిన రుమాలు, ఆ నడక. టెస్టుల్లో జయసింహ సగటు 30.68. ఆ అంకె చూపించి నేను వాదించబోతే పెదనాన్న ఒక్క సంగతి చెప్పేవాడు. 1967-68లో ఆస్ట్రేలియా వెళ్లిన జట్టుకు గాయాల దెబ్బ తగిలితే మధ్యలో జయసింహను పిలిపించారు. విమానం దిగిన మనిషి సరైన సాధన కూడా లేకుండా బ్రిస్బేన్ టెస్టులో దిగి 74, 101 కొట్టాడు. "ఇండియా గెలిచిందా మరి?" అనేవాడు బాబాయి కావాలని. 39 పరుగులతో ఓడిపోయింది. "గెలుపు సంగతి ఎవడడిగాడ్రా! ఆ ఆట చూశావా నువ్వు?" అని పెదనాన్న గట్టిగా అరిచేవాడు. నిజానికి ఆ బ్రిస్బేన్ మ్యాచ్ ఆయనా చూడలేదు, రేడియోలో విన్నాడు. హైదరాబాద్‌లో కళ్లారా చూసిన జయసింహను ఆ కామెంటరీలో కలుపుకుని మనసులో చూసుకున్నాడు. గవాస్కర్ కూడా జయసింహకు వీరాభిమాని. కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పెట్టిన పేరులో కన్హాయ్, విశ్వనాథ్‌లతో పాటు జయసింహ కూడా ఉన్నాడు. ఈ సంగతి తెలిశాక నాన్న ఆ ఒక్క విషయంలో పెదనాన్నతో వాదన మానేశాడు.

ఏ ఇంట్లో వాదన అయినా చివరికి ఒక గోడ దగ్గర ఆగుతుంది. ఆ గోడ పేరు బ్రాడ్‌మన్.

ఆ నాలుగు పరుగులు

52 టెస్టులు, 80 ఇన్నింగ్స్, 6,996 పరుగులు, 29 సెంచరీలు. సగటు 99.94. ఏళ్ల తరబడి ఆడిన మహామహుల సగటు అరవై దగ్గర ఆగిపోయింది. బ్రాడ్‌మన్‌కూ రెండో స్థానానికీ మధ్య ఒక మంచి బ్యాట్స్‌మన్ కెరీర్ మొత్తం పట్టేంత ఖాళీ ఉంది. ఏ ఆటలోనూ ఒక్కడు మిగతావాళ్ల నుంచి ఇంత దూరం వెళ్లిపోయిన సందర్భం నాకు కనబడదు.

1948 ఆగస్టు 14న ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్‌కు వచ్చేటప్పటికి, కేవలం నాలుగు పరుగులు చేస్తే సగటు సరిగ్గా వంద అయ్యేది. ఇంగ్లండ్ ఆటగాళ్లు చుట్టూ చేరి జేజేలు పలికారు. ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే, గూగ్లీకి, బౌల్డ్. సున్నా. సగటు వంద అయి ఉంటే అదొక గుండ్రటి అంకెగా మిగిలేది. 99.94 మాత్రం ఒక మనిషి కథగా మిగిలిపోయింది.

బ్రాడ్‌మన్‌ను తక్కువ చేసేవాళ్ల దగ్గర రెండు అస్త్రాలుంటాయి. మొదటిది, ఆయన టెస్టులన్నీ ఆడింది రెండే రెండు దేశాల్లో, ఆస్ట్రేలియాలో, ఇంగ్లండ్‌లో. 52లో 37 ఇంగ్లండ్ మీదే. రెండోది బాడీలైన్. 1932-33లో ఇంగ్లండ్ బౌలర్లు ఒంటికి గురిపెట్టి బంతులు వేస్తే సగటు 56.57కి పడింది. రెండూ నిజాలే. కానీ ఆలోచించండి. ఒక మనిషిని ఆపడానికి ఒక దేశం ఆట తీరునే మార్చుకుంది, రెండు దేశాల మధ్య సంబంధాలు చెడేదాకా వెళ్లింది. అంత చేస్తే ఆయన మామూలు గొప్ప బ్యాట్స్‌మన్ స్థాయికి దిగాడు. 56 అంటే గవాస్కర్ సగటుకన్నా ఎక్కువ. వాన పడితే తడిసిపోయే పిచ్‌లు, పల్చటి బ్యాట్లు, హెల్మెట్ లేని కాలం అది.

బౌరల్ అనే చిన్న ఊళ్లో ఇంటి వెనక నీళ్ల ట్యాంకుకు ఇటుకల దిమ్మె ఉండేది. చిన్న డాన్ బ్రాడ్‌మన్ గోల్ఫ్ బంతిని దానికేసి కొట్టి, ఎటు దూకుతుందో తెలియకుండా తిరిగి వచ్చే ఆ బంతిని వికెట్ పుల్లతో కొట్టేవాడు. వికెట్ పుల్ల వెడల్పు ఎంతో గుర్తు తెచ్చుకోండి. గంటల తరబడి, ఒక్కడే. మన వీధుల్లో గోడకు బంతి కొట్టుకుంటూ ఒంటరిగా ఆడుకునే పిల్లాడు కనబడితే నేనిప్పటికీ ఒక్క నిమిషం ఆగుతాను.

బ్యాట్స్‌మన్ విషయంలో వాదనే లేదని నేను ఒప్పుకుంటాను. కానీ ప్రశ్న 'గొప్ప క్రికెటర్ ఎవరు' అని. అక్కడ నా ఓటు గారీ సోబర్స్‌కే.

2000లో విజ్డెన్ వందమంది నిపుణులను అడిగింది, శతాబ్దపు ఐదుగురు క్రికెటర్లను ఎంపిక చెయ్యమని. బ్రాడ్‌మన్‌కు వందకు వంద ఓట్లు. సోబర్స్‌కు 90. ఆ తర్వాతి జాక్ హాబ్స్‌కు 30, షేన్ వార్న్‌కు 27, రిచర్డ్స్‌కు 25. రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య ఉన్న అగాధం చూశారా! సోబర్స్ 93 టెస్టుల్లో 57.78 సగటుతో 8,032 పరుగులు చేశాడు, 235 వికెట్లు తీశాడు, 109 క్యాచ్‌లు పట్టాడు. దక్షిణాఫ్రికా ఆల్‌రౌండర్ కలిస్ అభిమానులు ఇక్కడ లేచి నిలబడతారు. 13,289 పరుగులు, 292 వికెట్లు, 200 క్యాచ్‌లు, బౌలింగ్ సగటు కూడా సోబర్స్‌కన్నా మెరుగు. అంకెల పోటీ అయితే కలిస్‌దే పైచేయి కావచ్చు. సోబర్స్ ఒక్క మనిషిలో ముగ్గురు బౌలర్లు. కొత్త బంతితో ఎడమచేతి స్వింగ్, బంతి పాతబడ్డాక మామూలు ఎడమచేతి స్పిన్, పిచ్ పట్టు ఇస్తే మణికట్టుతో తిప్పే చైనామన్. 1966లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల సిరీస్: 722 పరుగులు, 20 వికెట్లు, 10 క్యాచ్‌లు, పైగా కెప్టెన్సీ. మ్యాచ్‌కు ఏం కావాలో అదే తానై నిలబడ్డాడు. ఆ సిరీస్ ఒక్కటి చాలు నాకు.

స్పిన్నర్ల తగువు ఇంకా ముదిరినది. మురళీధరన్ 800, వార్న్ 708. మురళి 792 దగ్గర చివరి టెస్టుకు దిగి, గాలెలో చివరి బంతితో ఎనిమిదో వికెట్ తీశాడు. 2010 జులైలో ఆ 800వ వికెట్‌గా స్లిప్‌లో చిక్కినవాడు హైదరాబాద్ జట్టు కుర్రాడు ప్రజ్ఞాన్ ఓఝా. వార్న్ ముందు ఇండియా పేరెత్తితే అభిమానులు మాట మారుస్తారు, మన మీద ఆయన సగటు 47.18. మురళి ముందు ఆస్ట్రేలియా గడ్డ పేరెత్తండి, ఐదు టెస్టుల్లో 12 వికెట్లు, ఒక్కో వికెట్‌కు 75 పరుగులు. ఇద్దరికీ ఎక్కడో ఒకచోట చేతులు కట్టేశారు. వార్న్ చేతులు కట్టినవాళ్లలో మన లక్ష్మణ్ ముందుంటాడు. లెగ్ స్టంప్ బయట గరుకు మీద పడిన బంతిని క్రీజు వదిలి ముందుకొచ్చి మిడాన్ పక్కనుంచి కొట్టాడు. మళ్లీ అదే చోట పడిన బంతిని అటు కవర్స్‌లోకి కొట్టాడు. 2001 మార్చి 14న ఈడెన్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రవిడ్ ఒక్క వికెట్ పడకుండా 335 పరుగులు జోడించారు. ఫాలోఆన్ ఆడుతున్న జట్టు 171 పరుగులతో గెలిచింది. 45.97 సగటున్న లక్ష్మణ్‌ను ఏ పండితుడూ ప్రపంచ ఆల్‌టైమ్ జట్టులోకి తీసుకోడు. ప్రాణం పోయే మ్యాచ్‌లో ఆఖరి రోజు ఒక్కణ్ని పంపాలంటే మాత్రం నేను ఆయన్నే పంపుతాను. మొహాలీలో వెన్నునొప్పితో, పక్కన ఇషాంత్ శర్మను పెట్టుకుని ఒక్క వికెట్ తేడాతో గెలిపించిన మనిషి.

ఎంతమందిని ఆడనిచ్చారు?

ఇంతవరకూ మాట్లాడిందంతా ఆడినవాళ్ల సంగతి. నన్ను ఎక్కువ కాలంగా వేధిస్తున్న ప్రశ్న వేరే. ఎన్ని పరుగులు చేశాడు అని అడిగే ముందు, ఎన్ని మ్యాచ్‌లు ఆడనిచ్చారు అని అడగాలి కదా?

సి.కె.నాయుడు టెస్టు రికార్డు తెరిచి చూడండి. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఒక్క సెంచరీ లేదు. ఈ నాలుగు ముక్కలు చదివి పక్కన పడేస్తే కొట్టారి కనకయ్య నాయుడు అనే తెలుగువాడు ఈ దేశపు క్రికెట్‌కు ఏం చేశాడో ఎప్పటికీ తెలియదు.

నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టాడు. 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో, అప్పటి మతాలవారీ జట్లలో ఒకటైన హిందూ జట్టు తరఫున ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. మీద దిగాడు. రెండు గంటల లోపు 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. ఆ కాలంలో సిక్సర్ అంటే ఎంత అరుదో ఇప్పుడు ఊహించలేం. నాటి బ్యాటు బరువు, అంచుల మందం చూస్తే నేటి బ్యాట్ల పక్కన అదొక రేకు ముక్కలా ఉంటుంది. ఆఫీసుల నుంచి, కళాశాలల నుంచి జనం మైదానం వైపు పరుగెత్తారని చెప్పుకుంటారు. పాలించే జాతి బౌలర్లను పాలితుడు ఒకడు గ్యాలరీల్లోకి విసిరేస్తుంటే చూడడం ఆ జనానికి ఒక్క ఆట మాత్రమే అయి ఉంటుందా? ఈ దేశం టెస్టులు ఆడగలదన్న నమ్మకం ఆ మధ్యాహ్నం గట్టిపడింది. రెండేళ్లకు క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదటి టెస్టు. కెప్టెన్ సి.కె.

అప్పటికి ఆయన వయసు 36. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువ, 40 పరుగులు చేశాడు. సచిన్ 16 ఏళ్లకు మొదలుపెట్టి 200 టెస్టులు ఆడాడు. నాయుడుకు 16 ఏళ్లప్పుడు ఆడడానికి టెస్టు జట్టే లేదు. చేవ మీదున్న ఇరవై ఏళ్లూ అలా గడిచిపోయాక ఏడు టెస్టులు చేతిలో పెట్టి, సగటు ఎంత అని అడుగుతున్నాం. ఆట మీద ఆయన ప్రేమ ఎంతటిదంటే 61 ఏళ్ల వయసులో కూడా రంజీ ట్రోఫీ ఆడాడు. నా గొప్పవాళ్ల జట్టులో సి.కె.కు చోటు ఉంటుంది, ఎవరేమన్నా సరే.

అవకాశం అనే తలుపు నాయుడుకు ఆలస్యంగానైనా తెరుచుకుంది. పల్వంకర్ బాలూకు ఆ మాత్రమూ తెరుచుకోలేదు. దళిత కుటుంబంలో పుట్టిన బాలూ పూనాలో దొరల క్లబ్బులో మైదానం పనులు చూస్తూ, వాళ్ల సాధన కోసం రోజూ నెట్స్‌లో బంతులు వేస్తూ గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. హిందూ జట్టుకు వికెట్ల కోసం బాలూ కావాలి. టీ విరామంలో మాత్రం మిగతావాళ్లు పింగాణీ కప్పుల్లో తాగుతుంటే ఆయనకు బయట, మట్టి ముంతలో పోసేవారు. ఈ దృశ్యం చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. బంతి మీద ఆ చేతివేళ్లు ఒకటే. ముంత మీద అవే వేళ్లు అంటరానివి. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో ఆయన 114 వికెట్లు పడగొట్టాడు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఆయనకు ఏనాడూ ఇవ్వలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది. టెస్టు వికెట్ల పట్టికలో బాలూ పేరు వెతికితే దొరకదు, ఆయన రోజుల్లో మనకు టెస్టులే లేవు.

దక్షిణాఫ్రికా కథ అందరికీ తెలిసిందే. గ్రేమ్ పొలాక్ 23 టెస్టుల్లో 60.97 సగటుతో ఆడి, బారీ రిచర్డ్స్ నాలుగే టెస్టుల్లో 508 పరుగులు చేసి వర్ణవివక్ష కారణంగా దేశం మీద పడిన బహిష్కరణ వల్ల ఆగిపోయారు. వాళ్ల గురించి అందరూ బాధపడతారు. అదే దేశంలో చర్మం రంగు వల్ల ఒక్క టెస్టూ ఆడనివ్వని నల్లజాతి ఆటగాళ్ల గురించి ఎవరు బాధపడ్డారు? బాసిల్ డొలివిరా కేప్‌టౌన్ వదిలి ఇంగ్లండ్ చేరుకున్నాడు కాబట్టి మనకు తెలిశాడు. చేరుకోలేనివాళ్లకు సగటు కూడా లేదు.

ఈ పట్టికల్లో స్త్రీలు ఎక్కడున్నారో చూడండి. ఈ వాదనలో మా ఇంట్లో ఏ ఒక్కరూ, నేనూ సహా, చాలాకాలం ఒక్క స్త్రీ పేరూ ఎత్తలేదు.

మిథాలీ రాజ్ సికింద్రాబాద్‌లో పెరిగిన పిల్ల. 1999లో ఐర్లండ్ మీద తొలి వన్డేలోనే 114 నాటౌట్. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద టెస్టులో 214, అప్పటికి మహిళల టెస్టుల్లో అదే ప్రపంచ రికార్డు. వయసు 19. పందొమ్మిదేళ్ల కుర్రాడు డబుల్ సెంచరీతో ప్రపంచ రికార్డు కొడితే ఏం జరిగేదో మనకు తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఆటలో ఆమెకు దక్కిన టెస్టులు 12. 2006 నుంచి 2014 దాకా మన మహిళల జట్టు ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఇరవై మూడు దాటి ముప్పైకి చేరే వయసు, బ్యాటు బాగా పండే వయసు, ఆమెకు టెస్టు క్రికెట్ లేకుండా గడిచిపోయింది. వన్డేల్లో 50కి పైగా సగటుతో 7,805 పరుగులు చేసింది. రెండుసార్లు కెప్టెన్‌గా ప్రపంచకప్ ఫైనల్ చేరింది. 2005లో సెంచూరియన్‌లో ఓడింది. 2017లో లార్డ్స్‌లో తొమ్మిదంటే తొమ్మిది పరుగుల తేడాతో ఓడింది. సెంచరీలు కొడతారు గానీ గెలిపించరు అన్న మాట, ఉప్పల్ చౌరస్తా దారిలో విన్న ఆ మాటే, ఆమెకూ వర్తించేలా ఉంది కదా.

2025 నవంబర్ 2 రాత్రి మా చెల్లెలి ఇంట్లో కూర్చుని నవీ ముంబయిలో జరుగుతున్న ఫైనల్ చూశాం. దక్షిణాఫ్రికాను మనమ్మాయిలు 52 పరుగులతో ఓడించారు. కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి ఆ జట్టులో ఉంది. మా మేనకోడలు సోఫా మీద ఎగిరి ఎగిరి అలసిపోయి కింద కూలబడింది. పదకొండేళ్ల పిల్ల. పాత తరాల పేర్లు దానికి తెలియవు.

సంబరాలు సాగుతున్నాయి. హర్మన్‌ప్రీత్, ఆమె జట్టు మైదానం చుట్టూ తిరుగుతూ ఒకచోట ఆగారు. అక్కడ మాజీ ఆటగాళ్లు నిలబడి ఉన్నారు. కప్పు తీసుకెళ్లి మిథాలీ చేతుల్లో పెట్టారు. ఆమె పైకెత్తి పట్టుకుంది.

"మామయ్యా, ఎవరామె? కప్పు ఆమెకెందుకిచ్చారు?" అంది పిల్ల.

టీవీ చప్పుడు తగ్గించి, టాంటన్ నుంచి మొదలుపెట్టాను.